మూడు ముళ్ళు, ఒక చీటీ



పెండ్లి ఎట్లా చేయాలో చెప్పేవాళ్ళకు మన ఇండ్లల్లో కొదవ లేదు. ముహూర్తం పెట్టుకొన్న రోజునుంచి పసుపు దంచడం దగ్గర మొదలుపెట్టి, పదహారు రోజుల పండగదాకా అవ్వ ఒకటి చెపుతుంది, పెద్దత్త ఇంకొకటి చెపుతుంది. ఆడబిడ్డ వచ్చి “మా ఇంట్లో ఇట్లా ఆనవాయితీ లేదే!” అంటుంది. ఎవరి మాట కాదంటే ఎవరికి కోపమో అని పెండ్లికూతురి తల్లి అందరికీ తల ఊపుతూ ఉంటుంది. ఇది మనందరికీ అనుభవమే. కానీ, ఖర్మగాలి ఆ పెండ్లి పొసగకపోతే ఏం చెయ్యాలి? ఎవరి ముందర విడిపోవాలి? పిల్లతోబాటు వెళ్ళిన బంగారం, సామాను ఎవరికి చెందుతుంది? ఈ మాట అడిగి చూడండి. ఆ వందమందిలో ఒక్కరూ నోరు మెదపరు. పైగా “శుభమా అని పెండ్లి చేస్తూంటే అపశకునం మాటలేమిటి?” అని మనల్నే కసురుకొంటారు.

ఈరోజు నేను ఆ అపశకునం మాటే మీతో చెప్పదలచుకొన్నాను. విడిపొమ్మని చెప్పడానికి కాదు సుమా. ఏ తల్లీ అది కోరదు. ముడి వేసేటప్పుడే విప్పే సంగతి కూడా ఆలోచించి పెట్టుకొన్న మనుషులు లోకంలో ఉన్నారనీ, మన తెలుగు పల్లెల్లోనూ అటువంటి ఏర్పాట్లు ఉండేవనీ, ఇప్పుడు మాత్రం ఆ ఏర్పాటు మన చేతిలోంచి జారిపోయిందనీ చెప్పాలని నా ఆశ.

ముందుగా మన పెండ్లి సంగతే చూద్దాం. ప్రతి పనికీ ఒక సాక్షి ఉండటం గమనించారా? తాంబూలాలు పుచ్చుకోవడానికి ఊళ్ళో నలుగురు పెద్దలు కావాలి. హోమం దగ్గర అగ్నిహోత్రుడు సాక్షి. పగటి ముహూర్తమైనా సరే, పెండ్లికూతుర్ని బయటికి తీసుకుపోయి ఆకాశంలో అరుంధతిని చూపిస్తారు. మన జిల్లాలోనే ఒంటిమిట్ట కోదండరామస్వామి కల్యాణం రాత్రిపూట వెన్నెల్లో జరుగుతుంది. చంద్రుడికి స్వామి ఇచ్చిన మాట కోసం అట్లా చేస్తారని పెద్దలు చెపుతారు. అంటే దేవుడి పెండ్లికి కూడా చూసే కన్ను ఒకటి కావలసి వచ్చిందన్నమాట.

సాక్షులతోబాటు ముడులు. జీలకర్ర, బెల్లం కలిపి తలమీద పెట్టుకొంటారు. ఒకసారి కలిశాక రెంటినీ వేరుచేయడం ఎవరి తరమూ కాదు. తాళికి మూడు ముళ్ళు. చెంగూ ఉత్తరీయమూ కలిపి కొంగుముడి. మన సీమవైపు బువ్వబంతి ఉంది. కొత్త దంపతులు ఒకే విస్తట్లో కలిసి తింటారు. ఆ బువ్వ చుట్టూ చేరి వేళాకోళం చేసే వదినెలూ మరదళ్ళూ కూడా ఒక విధంగా సాక్షులే.

ఇప్పుడు మిమ్మల్ని కొంచెం దూరం తీసుకుపోతాను. రోము నగరానికి. ఎందుకంటారా? మనకూ వాళ్ళకూ పాత పరిచయమే ఉంది. రెండువేల ఏండ్ల కిందట వాళ్ళ ఓడలు మిరియాలకూ, సన్నటి నూలుబట్టలకూ మన దేశపు రేవులకు వచ్చి బంగారం, వెండి పోసి కొనుక్కుపోయేవి. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో దొరికిన ఒక్క మూటలోనే వెయ్యికి పైగా రోమను వెండి నాణేలు ఉన్నాయి. తెలుగునాట దొరికిన వాళ్ళ బంగారు నాణేల్లో కొన్నిటికి పైభాగాన చిల్లులు పొడిచి ఉన్నాయి. చిల్లి ఎందుకో మనకు వేరే చెప్పాలా? దారం గుచ్చి మెడలో వేసుకొన్నారు. కాసులపేరు మీద మన ఆడవాళ్ళకు మోజు ఈనాటిది కాదు. బంగారు అంగళ్ళకు పేరుమోసిన ప్రొద్దుటూరులో కాపురముండే నాకు ఈ సంగతి చదివినప్పుడు నవ్వు వచ్చింది.

ఆ రోమనుల పెండ్లి తంతు వింటే ఇది మన పక్క ఊరి పెండ్లేమో అనిపిస్తుంది. పెండ్లికూతురు నిప్పు రంగు మేలిముసుగు వేసుకొనేది. నడికట్టుకు ఒక ప్రత్యేకమైన ముడి వేసేవారు. దానికి హెర్క్యులీసు ముడి అని పేరు. దాన్ని విప్పే హక్కు పెండ్లికొడుకొక్కడిదే. ఒక్క మగని కాపురమే చేసిన పెద్ద ఇల్లాలు ముందుకు వచ్చి ఇద్దరి కుడిచేతులూ కలిపేది. మన ముత్తైదువ అక్కడా ఉంది చూడండి! ఊరేగింపులో పిల్లలకు అక్రోటు కాయలు చల్లేవారు. కొత్త ఇంటి వాకిట్లో పెండ్లికూతురు ద్వారబంధానికి నూనెగాని కొవ్వుగాని పూసి, ఉన్నిదారాలు కట్టేది. గడప తగిలి తూలితే అశుభమని ఆమెను ఎత్తి లోపలికి తీసుకుపోయేవారు. లోపల భర్త ఆమెకు నిప్పూ నీరూ అందించేవాడు.

ఇంతవరకూ వేడుక. నాకు ఆశ్చర్యం కలిగించింది దీని తరవాతి సంగతి. పాతకాలపు రోములో భార్యను భర్త అధికారం కిందికి తెచ్చే పద్ధతులు మూడు ఉండేవి. పెద్ద కుటుంబాలవాళ్ళు పదిమంది సాక్షులనూ, పెద్ద పూజారులనూ కూర్చోబెట్టుకొని, ఫార్ అనే ఒక రకం గోధుమతో చేసిన రొట్టెను దేవుడి ముందు పెట్టి పెండ్లి చేసుకొనేవారు. మన బువ్వబంతికి పెద్దక్క అనుకోండి. రెండో పద్ధతిలో త్రాసు పట్టుకొన్న మనిషినీ అయిదుగురు సాక్షులనూ పెట్టుకొని, పేరుకు మాత్రం కొనుగోలు చేసినట్టు తంతు జరిపేవారు. మూడోది తంతు లేనిది. ఒక ఏడాది కలిసి కాపురం చేస్తే భార్య భర్త అధికారం కిందికి వచ్చినట్టే. ఆ ఏడాదిలో మూడు రాత్రులు వరసగా ఆమె బయట గడిపితే ఆ లెక్క తప్పిపోయేది. క్రీస్తుకు పూర్వం 450 ప్రాంతంలో రాసుకొన్న వాళ్ళ పన్నెండు పలకల చట్టంలోనే ఇది ఉంది.

రొట్టెతో వేసిన ముడిని విప్పాలంటే ఇంకొక తంతు చెయ్యాలి. దానికీ పూజారి కావాలి. త్రాసుతో వేసిన ముడిని అటువంటి అమ్మకపు తంతుతోనే వెనక్కి తిప్పాలి. అంటే ఏ తలుపుగుండా వచ్చారో ఆ తలుపుగుండానే బయటికి పోవాలి. తరవాతి రోజుల్లో ఇవన్నీ సడలి, భార్య పుట్టింటి మనిషిగానే ఉంటూ చేసుకొనే పెండ్లిళ్ళు ఎక్కువయ్యాయి. అప్పుడు విడాకులూ సులువయ్యాయి. భర్త భార్యతో ‘నీ సొత్తు నీవు తీసుకో’ అనే అర్థం వచ్చే మాట చెప్పి, ఇంటి తాళంచెవులు వెనక్కి తీసుకొనేవాడు. అగస్టస్ చక్రవర్తి క్రీస్తుకు పూర్వం 18లో చేసిన చట్టంలో, విడిపోయేవాళ్ళు ఏడుగురు వయసొచ్చిన రోమను పౌరుల ఎదుట ఆ సంగతి చెప్పాలని నియమం పెట్టారు.

ఆ మాటను ఇంకొకసారి మనసులో అనుకోండి. నీ సొత్తు నీవు తీసుకో. విడిపోయే మాటలోనే ఆడదాని సొత్తు ప్రస్తావన ఉంది! పెండ్లినాడు ఆమెతో వచ్చిన కట్నాన్ని పలకలమీద రాయించి, సాక్షుల చేత ముద్రలు వేయించుకొనేవారు. నగకు ఇంత, బట్టలకు ఇంత అని విలువ కూడా కట్టేవారు. విడిపోతే ఆమె ఆ రాత చూపించి న్యాయస్థానంలో అడగవచ్చు. డబ్బు రూపంలో ఉన్నదాన్ని భర్త మూడేండ్లలో మూడు వాయిదాలుగా తిరిగి ఇవ్వాలి. సిసిరో అనే మహావక్త, క్రీస్తుకు పూర్వం 46 ప్రాంతంలో ముప్ఫై ఏండ్లు కాపురం చేసిన టెరెన్షియాను విడిచిపెట్టాడు. ఎంత గొప్ప వక్త అయినా ఆమె కట్నం తిరిగి ఇవ్వడానికి డబ్బు సర్దుబాటు చేసుకోలేక సతమతమయ్యాడు.

రోమనులు ఆడవాళ్ళను నెత్తిన పెట్టుకొన్నారని నేను చెప్పడం లేదు. పన్నెండేండ్లు నిండితే పిల్ల పెండ్లికి తగినదే అనుకొన్నారు. విడిపోతే బిడ్డలు తండ్రికే. తప్పు భార్యదని తేలితే కట్నంలో బిడ్డకు ఆరోవంతు చొప్పున భర్త ఉంచుకొనేవాడు. తల్లి కడుపుకోత ఏ లెక్కలోకీ రాలేదు. అయినా ఒక్క మంచి మాత్రం ఉంది. పెండ్లినాడే రాత ఉంది. ఆ రాతను బట్టి అడిగే చోటు ఉంది.

ఇక మన ఇంటికి వద్దాం. మన శాస్త్రంలో కన్యాదానం ఒక్కసారే, తిరుగులేదు అని చిన్నప్పటినుంచీ విన్నాం. కానీ మన పెద్దలు అందరూ ఒకే మాట చెప్పలేదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో, ధర్మవివాహాలకు విడుదల లేదని చెపుతూనే, ఇతర పెండ్లిళ్ళలో ఇద్దరికీ ఒకరిమీద ఒకరికి ద్వేషం ఉంటే విడిపోవచ్చునని ఉంది. అదే గ్రంథంలో స్త్రీధనం లెక్క కూడా ఉంది. ఆమె జీవనానికని ఇచ్చేది రెండువేల పణాలు దాటకూడదు, ఒంటిమీది నగలకు మాత్రం హద్దు లేదు అన్నాడు. నగలమీద హద్దు పెట్టకపోవడం కౌటిల్యుడి తెలివే అనుకోవాలి.

శాస్త్రం సంగతి అట్లా ఉండగా, పల్లెల్లో ఆచారం వేరే దారిన నడిచింది. మన రాయలసీమలో చాలా కులాల్లో ఒకప్పుడు వరకట్నం లేదు. పెండ్లికొడుకు తరఫువాళ్ళే పిల్ల తల్లిదండ్రులకు ఓలి ఇచ్చేవారు. కాపురం చెడితే రచ్చకట్టమీద పెద్దలు కూర్చొనేవారు. తప్పు ఎవరిదో విచారించి, ఓలి తిరిగి ఇవ్వాలా అక్కరలేదా, ‘తప్పు’ ఎంత కట్టాలి అని తేల్చేవారు. జరిమానాకు తప్పు అనే పేరు మన వైపు ఇప్పటికీ పాతకాలంవాళ్ళ నోట వినిపిస్తుంది. ఆ తరవాత ఆమె మారుమనువు పోవచ్చు. మారుమనువుకు ఓలి తక్కువ, హంగులు తక్కువ. కానీ అది కాపురమే, పుట్టిన బిడ్డలు బిడ్డలే.

విడాకు అనే మాటను విడదీసి చూడండి. విడు, ఆకు. రాత అంతా తాటాకుమీద ఉన్న కాలాన్ని ఆ మాట ఇంకా మోస్తూ ఉంది. పక్కనే తమిళదేశంలో, మధుర వైపు కళ్ళర్లలో, కులంవాళ్ళ ఎదుట గడ్డిపరక ఇస్తే విడాకులు ఇచ్చినట్టే, పుచ్చుకొంటే ఒప్పుకొన్నట్టే అని 1909లో అచ్చయిన థర్‌స్టన్ దొర సంపుటాల్లో ఉంది. తాటాకైనా గడ్డిపరకైనా చేతికి చేతికి మారాలి, నలుగురూ చూడాలి. అగ్నిసాక్షిగా వేసిన ముడిని చీకట్లో తెంపకూడదన్న మర్యాద అందులో ఉంది.

ఆ రచ్చకట్టమీద కూర్చొన్నవాళ్ళంతా మగవాళ్ళే. ఆడది దూరంగా చెట్టుచాటున నిలబడి తన బతుకు తీర్పు వినేది. అది కూడా మరచిపోకూడదు. ఇక మారుమనువు ఆచారం లేని కులాల్లో ఆడపిల్లల కష్టం చెప్పనలవి కాదు. పసుపు ఆరకముందే తాడు తెగిన పసిపిల్లల కోసం కందుకూరి వీరేశలింగంగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించారు. వంటవాళ్ళు రాలేదు, నీళ్ళు తెచ్చేవాళ్ళు రాలేదు. అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదావరినుంచి నీళ్ళు మోసి, పొయ్యి ముందు కూర్చొని వండి వడ్డించారు. పుస్తకాల్లో వీరేశలింగంగారి పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆ బిందెలు మోసిన చేతుల్ని మనమైనా తలచుకోవాలి.

తరవాత చట్టాలు వచ్చాయి. మన కడప జిల్లా అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1949లోనే మద్రాసువాళ్ళు హిందువులకు ఒక భార్య ఉండగా రెండో పెండ్లి కూడదనీ, కారణం ఉంటే విడాకులు పొందవచ్చుననీ చట్టం చేశారు. 1955లో హిందూ వివాహ చట్టం దేశమంతటికీ వచ్చింది. సప్తపది ఉన్న పెండ్లి ఏడో అడుగుతో పూర్తవుతుందని అందులో రాసి ఉంది. ఇద్దరూ ఒప్పుకొని విడిపోయే దారి 1976లో చేర్చారు. ఏడాదిపాటు వేరుగా ఉన్నాక ఇద్దరూ కలిసి కోర్టులో అర్జీ పెట్టుకోవచ్చు. పాత కులాచారం ప్రకారం విడిపోయే హక్కును కూడా ఆ చట్టం తీసెయ్యలేదు. కానీ అటువంటి ఆచారం తమలో నిజంగా ఉందని కోర్టులో రుజువు చేసుకోవాలని, లేకపోతే రాసుకొన్న విడాకుల పత్రం చెల్లదని 2002లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఇక్కడే మన ఆడపిల్లలు చిక్కుకొంటున్నారు. రచ్చకట్ట పోయింది, కానీ రచ్చకట్ట అలవాటు పోలేదు. నలుగురు పెద్దమనుషులు కూర్చొని వందరూపాయల స్టాంపు కాగితంమీద ‘ఇకమీదట ఒకరికొకరు సంబంధం లేదు’ అని రాయించి సంతకాలు పెట్టిస్తారు. అది చాలుననుకొంటారు. పాత ఆచారంలో ఉన్న విచారణా లేదు, కొత్త చట్టంలో ఉన్న తీర్పూ లేదు. రెంటికీ చెడ్డ రేవడి.

నాకు తెలిసిన ఒక అమ్మాయి సంగతి చెపుతాను. పేరూ ఊరూ అడగకండి. జమ్మలమడుగు వైపు పల్లెలో పుట్టి, కాపురానికి ఇంకొక ఊరికి పోయింది. మూడేండ్లు తిరక్కుండానే స్టాంపు కాగితంతో పుట్టింటికి వచ్చింది. ఆమె బంగారం గురించి ఆ పంచాయితీలో అడిగితే, “ఏం పెట్టారో రాసుకొన్న చీటీ ఉందా?” అన్నారు. ఆమె తల్లి పరుగెత్తికెళ్ళి చదివింపుల పుస్తకం తెచ్చింది. ఎర్ర అట్ట నోటుబుక్కు, మొదటి పేజీలో పసుపు, కుంకుమ. అందులో ఊరందరి పేర్లూ ఉన్నాయి. ఫలానా మామ నూటపదహార్లు, ఫలానా వారు స్టీలు బిందె, ఫలానా అక్క జాకెట్టు గుడ్డ. రేపు వాళ్ళ ఇండ్లల్లో పెండ్లయితే మనం తిరిగి చదివించాలి కదా, అందుకని దమ్మిడీతో సహా రాసుకొన్నారు. తల్లిదండ్రులు తమ కడుపు కట్టుకొని పెట్టిన హారం, గాజులు, కమ్మలు మాత్రం అందులో లేవు. కన్నబిడ్డకు పెట్టింది ఎవరైనా పద్దు రాస్తారా? “రాత ఉన్నవి తీసుకుపొండి” అని బిందెలూ పళ్ళేలూ లెక్కపెట్టి ఇచ్చారు. బంగారం సంగతి తరవాత చూద్దామన్నారు. ఆ తరవాత అనేది రాలేదు.

కొన్నాళ్ళకు ఆ పిల్లకు మంచి సంబంధం వచ్చింది. పెండ్లికొడుకు తరఫువాళ్ళు వకీలును అడిగితే, “కోర్టు విడాకులు కావాలమ్మా, ఈ కాగితంతో మళ్ళీ పెండ్లి చేస్తే చిక్కు” అన్నాడు. అవతలివాడు అప్పటికే ఇంకొక పెండ్లి చేసుకొని దర్జాగా ఉన్నాడు. ఈమె మాత్రం కోర్టు మెట్లు ఎక్కి, రెండేండ్లు తిరిగి విడుదల తెచ్చుకోవలసి వచ్చింది. ఆ సంబంధం అన్నాళ్ళు ఆగిందా? ఆగలేదు.

అమ్మలారా, ఆ ఎర్ర అట్ట నోటుబుక్కు మన ప్రతి ఇంట్లోనూ ఉంది. దానిలో ఇంకొక నాలుగు పేజీలు రాసుకోవడమే నేను మిమ్మల్ని కోరేది. ఇది నేను కల్పించిన మాట కాదు. వరకట్నం ఇవ్వడమూ పుచ్చుకోవడమూ 1961 చట్టం ప్రకారం నేరం. ఎవరూ అడగకుండా, ఆచారం ప్రకారం, తమ తాహతుకు తగినట్టు పెట్టే కానుకలకు మాత్రం పట్టీ రాసుకోవాలని 1985లో ప్రభుత్వం నియమాలు చేసింది. పెండ్లికూతురికి వచ్చిన వాటి పట్టీ పెండ్లికూతురి దగ్గరే ఉండాలి. అందులో నాలుగు సంగతులు ఉండాలి. వస్తువు ఏమిటి, సుమారు విలువ ఎంత, ఎవరు ఇచ్చారు, ఇచ్చినవారు బంధువైతే ఏ వరస. కింద వధూవరులిద్దరూ సంతకం చెయ్యాలి. ఇంతే! రోమనుల పలక మన నోటుబుక్కులోకి వచ్చింది. మనకే తెలియలేదు.

ఎట్లా రాయాలో కూడా చెపుతాను. హారం ఒకటి అని ఊరుకోవద్దు. ఎన్ని గ్రాములు, ఏ అంగట్లో కొన్నారు, రసీదు నంబరు ఎంత అని వేయండి. రసీదులు పారెయ్యకుండా ఆ పుస్తకానికే కుట్టి పెట్టండి. నగలు పెట్టుకొన్న ఫొటో ఒకటి వెనకనుంచి కూడా తీయించండి, జడబిళ్ళ, వంకీ కనిపించేటట్టు. సారెలో పోయే మంచం, బీరువా, కుట్టుమిషను కూడా రాయండి. అత్తింటివారు పెట్టిన నగలనూ రాయండి, అది వాళ్ళకూ గౌరవమే. రెండు ప్రతులు చేసి ఒకటి పుట్టింట్లో ఉంచండి. పెండ్లి పనుల్లో పెండ్లికూతురికి తీరదు కాబట్టి ఆ భారం పిన్నమ్మో మేనత్తో తీసుకోవచ్చు. పెండ్లి రిజిస్టరు చేయించడం కూడా మరవకండి. 2002 నుంచి మన రాష్ట్రంలో అది తప్పనిసరి.

ఆ పట్టీలో ఉన్నది ఎవరిది అనే ప్రశ్న వస్తే, ఆమెదే. అత్తింట్లో దాచినా, భర్త బీరువాలో పెట్టినా అది ఆమె సొత్తేననీ, వాళ్ళు నమ్మకంమీద దాచినవాళ్ళు మాత్రమేననీ 1985లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2024 ఆగస్టులో తెలంగాణనుంచి వెళ్ళిన ఒక కేసులో ఇంకొక అడుగు ముందుకు వేసింది. విడాకులై, మళ్ళీ పెండ్లి చేసుకొన్న కూతురి బంగారం కోసం తండ్రి కేసు పెట్టాడు. ఆమె అధికారం ఇవ్వనిదే తండ్రికైనా ఆ సొత్తు అడిగే హక్కు లేదని కోర్టు తేల్చింది. అత్తింటిదీ కాదు, పుట్టింటిదీ కాదు, ఆమెదే. మనలో కొందరికి ఈ రెండోమాట కొంచెం కష్టంగానే ఉంటుంది. తమ్ముడి చదువుకనీ, చెల్లెలి పెండ్లికనీ పెద్దకూతురి గాజులు అడిగి తీసుకొన్న ఇండ్లు మనకు తెలియనివి కావు.

మన ప్రొద్దుటూరులో ముస్లిం సోదరీమణులు చాలామంది ఉన్నారు. వాళ్ళ నికాలో మెహర్ అనేది పెండ్లినాడే సాక్షుల ముందు చెప్పి రాసుకొనే మొత్తం. అది భార్య హక్కు. ఆమె తనంతట తాను విడుదల కోరే ఖులా కూడా వాళ్ళ ధర్మంలోనే ఉంది. ఒక్క గుక్కలో మూడుసార్లు తలాఖ్ చెప్పి పంపించడం 2019 చట్టం ప్రకారం చెల్లదు, నేరం కూడా. మెహర్ రాసిన కాగితం ఎక్కడుందో మీ అమ్మాయికి తెలుసా అని మాత్రం ఒకసారి అడిగి చూడండి. రాయడం ఒక ఎత్తు, ఆ కాగితం పిల్ల చేతికి అందడం ఇంకొక ఎత్తు.

“పట్టీమీద సంతకం పెట్టమంటే మగపెండ్లివాళ్ళు ఏమనుకొంటారో” అని మీకు సంకోచం కలగవచ్చు. అంగడికి పోయి నాలుగు గ్రాముల కమ్మలు కొంటేనే బిల్లు అడిగి, నాణ్యం ముద్ర ఉందో లేదో కండ్లజోడు పెట్టుకొని మరీ చూస్తాం. షావుకారు ఏమనుకొంటాడో అని మానుకొంటామా? నమ్మకం లేక కాదు, లెక్క లెక్కే. పైగా ఆ పట్టీ మగపెండ్లివారికీ రక్షే. లేనిపోని నగలు ఉన్నాయని రేపు ఎవరూ నింద వేయలేరు. మనకు కొడుకులూ ఉన్నారు కదా! అత్తల వరసలో ఉన్న మనమే ముందుగా “చీటీ రాసుకొందామమ్మా” అని అడిగితే, ఆడపిల్ల తల్లి గుండెమీద బరువు సగం దిగుతుంది.

ఇక ఇప్పటికే కష్టంలో ఉన్నవాళ్ళకు ఒక్క మాట. స్టాంపు కాగితంమీద సంతకం పెట్టమని ఎవరు బలవంతం చేసినా, “వకీలును అడిగి పెడతాను” అనండి. ఆ ఒక్క మాటకు ఖర్చు లేదు. ఆడవాళ్ళకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయసహాయం ఇవ్వాలని 1987 చట్టంలోనే ఉంది. కోర్టు ఆవరణలో ఉండే న్యాయసేవా సంఘంలో అడగవచ్చు, 15100 నంబరుకు ఫోను చెయ్యవచ్చు. పట్టీ రాసుకోకపోయినా హక్కు పోదు. రసీదులు, ఫొటోలు, పెండ్లికి వచ్చినవారి సాక్ష్యం పనికివస్తాయి. పట్టీ ఉంటే దారి దగ్గరవుతుంది, అంతే తేడా.

వచ్చేది ఏ మాసమైనా, మన బంధువుల్లో ఎవరో ఒకరి ఇంట పెండ్లి బాజా మోగుతూనే ఉంటుంది. ఈసారి పసుపు దంచడానికి పిలిస్తే వెళ్ళేటప్పుడు ఒక నోటుబుక్కు, ఒక కలం వెంట తీసుకుపొండి. మొదటి పేజీలో శ్రీకారం చుట్టి, కుంకుమబొట్టు పెట్టి, పిల్ల పేరు రాసి, కింద మొదటి వరసలో వాళ్ళ అమ్మ పెట్టిన నగ రాయండి. ఆ పిల్లకు ఆ పుస్తకం మళ్ళీ తెరిచే అవసరం ఎన్నడూ రాకూడదని మనసారా దీవించి, దాన్ని ఆమె పెట్టెలో, పట్టుచీర కింద పెట్టి రండి.